మా పిల్లలు ఎవరితో చెప్పుకున్నారు

పెనుబల్లి, కల్లూరు, వేంసూరు వైపు నుంచి ఖమ్మం పోయి హాస్టళ్లలో ఉండి చదువుకున్న మా తరం ఆడపిల్లలకు మొదటి కౌన్సెలర్ మద్రాసులో ఉండేది. ఆమెను మాలో ఎవరమూ చూడలేదు. పేరు మాలతీ చందూర్. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలైన 'ప్రమదావనం' శీర్షికను ఆమె 47 ఏళ్ల పాటు నడిపింది. ఊరగాయకు బూజు పడితే ఏం చేయాలన్న ప్రశ్న కిందనే, చదువు మాన్పించి పెళ్లి చేస్తానంటున్న నాన్నకు ఎట్లా చెప్పాలన్న ప్రశ్న ఉండేది. రెండింటికీ ఒకే తీరుగా, విసుక్కోకుండా, మొహమాటపడకుండా జవాబు చెప్పేది. మేము ఇంటర్ చదివే రోజుల్లో, అంటే 1977 ప్రాంతంలో, ఒక్క కాపీ పది గదులు తిరిగి అట్ట ఊడిపోయాక మా గదికి వచ్చేది.

నా పక్క మంచం అమ్మాయిది సత్తుపల్లి దగ్గర పల్లె. ఆమె మాలతీ చందూర్‌కు ఉత్తరం రాసింది. పేరు మార్చుకుంది సరే, ఊరు కూడా తుని అని పెట్టింది. ఎందుకే అంటే, "సత్తుపల్లి అని పడితే మా బాబాయి చదివి నేనేనని పట్టేస్తడు" అన్నది. ఆ ఉత్తరం అచ్చు కాలేదు. కానీ కొన్ని వారాలకు ఏ గుంటూరు అమ్మాయి ప్రశ్నకో ఇచ్చిన జవాబు తనకు అతికినట్టు సరిపోయిందని, ఆ పేజీ చింపి ట్రంకుపెట్టె మూతకు లోపలివైపు అంటించుకుంది. అడగకుండానే జవాబు దొరకడం పత్రికా శీర్షికలో ఉన్న గొప్ప సౌకర్యం. ఇప్పటి ఏ హెల్ప్‌లైనులోనూ అది లేదు.

సరిగ్గా అదే 1952లో కేంద్ర ప్రభుత్వం మాధ్యమిక విద్య మీద ఒక కమిషన్ వేసింది. అధ్యక్షుడు మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ లక్ష్మణస్వామి మొదలియార్. పిల్లలకు ఏ చదువు, ఏ దారి అన్నది చెప్పడానికి శిక్షణ పొందిన మనుషులు ఉండాలని ఆ కమిషన్ చెప్పింది. 1954లో ఢిల్లీలో అందుకోసం ఒక కేంద్ర బ్యూరో కూడా పెట్టారు. 1964-66 నాటి కొఠారి కమిషన్ అదే మాట ఇంకా గట్టిగా చెప్పింది. ఈ రెండు నివేదికలనూ నేను ఉద్యోగంలో చేరాక, డిపార్టుమెంటు పరీక్షల కోసం చదివాను. చదువుతున్నంతసేపూ నా మనసులో మెదిలింది ఆ ట్రంకుపెట్టె మూతే. మొదలియార్‌దీ మద్రాసే, మాలతీ చందూర్‌దీ మద్రాసే. మా దాకా వచ్చింది మాత్రం రూపాయో రెండు రూపాయలో పెట్టి కొన్న పత్రిక.

మగపిల్లలకు విజయవాడ నుంచి వచ్చింది సాయం. స్వాతి సపరివార పత్రిక 1984లో మొదలయ్యాక అందులో డాక్టర్ సమరం జవాబులు హాస్టల్ కుర్రాళ్లకు ఇంకో సిలబస్ అయిపోయాయి. ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. నవ్వుకుంటూ చదివేవారని పెద్దలు తిట్టేవారు గానీ, నవ్వు వెనక ఉన్నది భయం. ఆ రోజుల్లో ఏ బస్టాండు గోడ చూసినా, ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన నరాల బలహీనతకు వైద్యం చేస్తామన్న పోస్టర్లే. పదహారేళ్ల పిల్లవాడు తన శరీరంలో సహజంగా జరిగేదాన్ని జబ్బనుకుని, మెస్ బిల్లుకని ఇంట్లో ఇచ్చిన డబ్బు లాడ్జి వైద్యుడి చేతిలో పోసి వచ్చేవాడు. అది జబ్బు కాదురా అని అచ్చు అక్షరాల్లో వారం వారం చెప్పిన మనిషి ఎంతమంది కుర్రాళ్ల నిద్రను నిలబెట్టాడో లెక్కకట్టిన వాళ్లు లేరు. కాలేజీల్లో చెప్పవలసిన మేమేం చేసేవాళ్లం? ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంట్లో చదువుకోండి" అని పేజీ తిప్పేవాళ్లం. జువాలజీ లెక్చరర్‌గా ఈ మాట నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

పత్రికలు కాక ఇంకొక చోటు ఉండేది. విద్యార్థి సంఘం. దీన్ని కౌన్సెలింగ్ చరిత్రలో ఎవరూ రాయరు, నేను రాస్తాను. 1969 జనవరిలో ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికులకు ఉద్యోగాలు దక్కడం లేదన్న గోడు దాని వెనక ఉంది. తెలంగాణ అంతా అంటుకున్నది ఆ నిప్పే. చదివితే ఉద్యోగం వస్తదా, ఇంట్లో మొహం ఎట్లా చూపించాలి? ఇవాళ కౌన్సెలర్ ముందు కూర్చున్న పిల్లవాడు మొదట చెప్పేది ఈ బెంగే. ఆ తరం దాన్ని గది తలుపు వేసుకుని చెప్పుకోలేదు, రోడ్డు మీద చెప్పింది. 1972లో ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య తర్వాత పీడీఎస్‌యూ, మరోపక్క ఎస్ఎఫ్ఐ మా జిల్లా కాలేజీల్లో బలంగా పాతుకున్నాయి. ప్రతి హాస్టల్లో ఒక 'అన్న' ఉండేవాడు. స్కాలర్‌షిప్ రాలేదా, మెస్సులో పురుగుల అన్నమా, కండక్టరు స్టేజీలో బస్సు ఆపడం లేదా, అన్న దగ్గరికి పో. పదిమందిని వెంటేసుకుని పోయేవాడు, పని జరిగేది. నీ కష్టానికి కారణం నువ్వు కాదు అన్న మాట పల్లెటూరి పిల్లవాడు జీవితంలో మొదటిసారి వినేది అక్కడే.

కానీ అన్నకు చేతకాని సంగతులూ ఉండేవి. ప్రేమ విఫలమైన పిల్లవాడు, నిద్ర పట్టని పిల్లవాడు, ఇంట్లో తాగి కొట్టే తండ్రి ఉన్న పిల్ల. ఇవి 'వ్యక్తిగత బలహీనతలు'. ఆ మాట ముద్ర వేసినట్టు పడేది, అక్కడితో సంభాషణ ఆగిపోయేది.

నేను 1988లో ఉద్యోగంలో చేరాను. పెనుబల్లి వైపు ప్రభుత్వ జూనియర్ కాలేజీలే నా సర్వీసులో ఎక్కువ భాగం. వియ్యంబంజర సెంటర్లో బస్సు దిగి నడుచుకుంటూ పోయేదాన్ని. ఉన్న ఆడ లెక్చరర్‌ను నేనొక్కదాన్నే కాబట్టి 'ఆడపిల్లల సమస్యలు' అన్న సబ్జెక్టు కూడా నాకే పడింది. దానికి పీరియడ్ లేదు, గది లేదు. స్టాఫ్‌రూములో మగవాళ్లు, ప్రిన్సిపాల్ గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి ఉండేది. కాలేజీ మొత్తంలో తలుపు దగ్గరగా వేసుకోగలిగినది, తాళంచెవి ఒక ఆడమనిషి దగ్గర ఉన్నది జువాలజీ ల్యాబ్ ఒక్కటే. అందుకని పిల్లలు అక్కడికి వచ్చేవాళ్లు.

వచ్చిన పిల్ల నా మొహంలోకి చూసేది కాదు. బీరువాలో వరసగా ఫార్మలిన్ సీసాలు ఉండేవి. కప్ప, తేలు, నీటిపాము, బద్దెపురుగు. వాటి ముందు నిలబడి, అద్దం మీద వేలితో గీస్తూ, "మేడం, ఈ పురుగు నిజంగ మనిషి కడుపులో ఉండెనా?" అని అడిగేది. ఎంత పొడుగుంటుంది, ఎట్లా తీశారు, మందు ఉందా అని ఇంకా రెండు మూడు ప్రశ్నలు. నేను చేతిలో ఉన్న రికార్డు దిద్దుకుంటూనే జవాబు చెప్పేదాన్ని. ఆ తర్వాత, సీసా వైపే చూస్తూ, "మా ఇంట్ల సంబంధం ఖాయం చేసిన్రు మేడం" అనేది. ఫార్మలిన్ ఘాటుకు ఎవరికైనా కళ్లల్లో నీళ్లు వస్తాయి. ఏడ్చిన మొహంతో బయటికి పోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆ సదుపాయం పిల్లలు నాకంటే ముందే కనిపెట్టారు.

నేను చేయగలిగింది చాలా తక్కువ. తండ్రి ఎరువుల బస్తాలకో, మిర్చి పట్టీ డబ్బులకో సెంటరుకు వచ్చినప్పుడు కలిసి, "అన్నా, ఇంకొక్క ఏడాది ఆగు, పరీక్షలు రాయనీ" అని అడగడం. కొందరు ఆగేవాళ్లు. "మీకేందమ్మా, సర్కారు జీతం, మాకు అట్ల కాదు" అని మొహం మీదే అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు.

దమ్మపేట, ములకలపల్లి అడవి వైపు నుంచి వచ్చే కోయ పిల్లల సంగతి వేరు. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆశ్రమ పాఠశాలల్లో పదో తరగతి దాకా తమవాళ్ల మధ్యే చదివి, ఇంటర్‌కు వచ్చేసరికి ఎనభై మంది ఉన్న క్లాసులో చివరి బెంచీకి పోయేవాళ్లు. ఫిజిక్స్ సారు ఇంగ్లీషులో ఒక పదం, తెలుగులో ఒక పదం చెప్పేవాడు. వాళ్ల ఇంటి భాష ఆ రెండూ కాదు. దసరాకు పోయినవాళ్లలో కొందరు తిరిగి వచ్చేవాళ్లు కాదు. హాజరుపట్టీలో ఆ పేర్లకు ఎదురుగా వరసగా ఆబ్సెంట్లు, ఆ తర్వాత ఎర్రగీత. హాస్టల్లో కోయ మాట తెలిసిన మనిషి వంటావిడ ఒక్కతే. అన్నం తినని పిల్లవాడి గురించి వార్డెను "కడుపు నొప్పంట" అని రాసుకుంటే, ఆమె నాతో చెప్పింది: "కడుపుల ఏం లేదు మేడం, ఇంటి మీదికి పాణం గుంజుతాంది." రోగ నిర్ధారణ చేసింది వంటావిడ. ఆమె జీతం కాంటింజెంటు జీతం, అదీ మూడు నెలలకోసారి.

కొన్నిటికి మంచిమాట చాలదు. మాటలు వినబడుతున్నాయని చెవులు మూసుకునే పిల్లవాడికి కావలసింది డాక్టరు. మా వైపు దానికి దారి ముందు భూతవైద్యుడి దగ్గరికి, అక్కడ డబ్బయిపోయాక ఖమ్మం, అదీ కాకపోతే హైదరాబాదు. ఎర్రగడ్డ పేరెత్తితే ఆ ఇంట్లో ఇంకెవరికీ పెళ్లి కాదని భయం. జాల్నా నుంచి 1953లో హైదరాబాదుకు తరలివచ్చిన మానసిక వైద్యశాల అది. వైద్యం చేసే చోటు పేరును తిట్టుగా మార్చుకున్న జాతి మనది. దాని ఖరీదు కాలేజీ పిల్లలు కట్టారు.

1986లో ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లకు ఎంసెట్ వచ్చింది. ఆ తర్వాత మా మండలం డబ్బున్న రైతు, అప్పు పుట్టగల రైతు ఇద్దరూ తమ పిల్లలను కార్పొరేట్ కాలేజీల కోసం తిరువూరు మీదుగా విజయవాడ బస్సు ఎక్కించడం మొదలుపెట్టారు. మామిడితోట మీద, ఆ తర్వాతి రోజుల్లో పామాయిల్ తోట మీద తెచ్చిన డబ్బు హాస్టల్ ఫీజుకు పోయేది. పదిలో మా మండలంలో పేరు తెచ్చుకున్న పిల్ల అక్కడ ఏడో సెక్షనులో పడేది. ప్రతి వారం ర్యాంకులు గోడకు అంటించేవాళ్లు. ఎస్టీడీ బూతు ముందు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక వెనకున్నవాళ్లు వింటుంటే "బాగనే ఉన్న నాన్నా" అనేది. సంక్రాంతికి ఇంటికి వచ్చిన ఒక పిల్ల మా ల్యాబ్‌కు వచ్చి, చదివేది వేరే కాలేజీ అయినా, ఒక పూటంతా స్టూలు మీద కూర్చుని పోయింది. ఏమీ మాట్లాడలేదు. సీసాలు తుడిచిపెట్టింది.

ఆ కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల చావుల మీద 2001లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ వేసింది. పదహారేళ్ల తర్వాత, 2017లో, అదే సంగతి మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రొఫెసర్ చక్రపాణి కమిటీ వేసింది. మధ్యలో రాష్ట్రం రెండయింది గానీ ఆ హాస్టళ్ల టైంటేబులు మారలేదు.

ఆ కార్పొరేట్ కాలేజీలు పెరుగుతున్న రోజుల్లోనే వ్యక్తిత్వ వికాసం వచ్చిపడింది. రచయిత యండమూరి పుస్తకం 'విజయానికి ఐదు మెట్లు' లేని హాస్టల్ గది ఉండేది కాదు. ఇంద్రజాలికుడు, హిప్నాటిస్టు బి.వి. పట్టాభిరామ్ సభలకు జనం విరగబడి వచ్చేవారు. స్టేజీ భయం, పరీక్ష వణుకు ఉన్నవాళ్లకు వాటి వల్ల మేలు జరిగిందని నేను కళ్లారా చూశాను. పట్టాభిరామ్ 2025లో పోయినప్పుడు నా పాత విద్యార్థులు ఎంతో మంది బాధపడ్డారు. కానీ ఆ గాలిలో ఒక ఇబ్బంది ఉంది. గెలుపు నీ చేతిలోనే ఉందంటే, ఓటమి కూడా నీ తప్పే అవుతుంది. సంఘం అన్న "నీ తప్పు కాదు" అని ఊరుకున్నాడు, వికాసం పుస్తకం "అంతా నీ చేతుల్లోనే" అన్నది. పిల్లవాడికి ఈ రెండింటి మధ్య మాట ఒకటి కావాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ ముందు దిగులుగా నిలబడ్డ పిల్లవాడికి ఊపిరి నెమ్మదిగా పీల్చి వదలమని చెప్పడం కౌన్సెలింగ్ కాదు.

ప్రభుత్వాలు అసలేం చేయలేదని అనను. 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాయి, అందులో కౌన్సెలర్ల ప్రస్తావన ఉంది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ తనిఖీల పుణ్యమా అని డిగ్రీ కాలేజీల్లో ఒక్కొక్క లెక్చరర్‌కు ఇరవై ముప్ఫై మంది పిల్లలను అప్పగించే పద్ధతి మొదలైంది. దానికొక రిజిస్టరు. ఒక డిగ్రీ కాలేజీలో పనిచేసే నా స్నేహితురాలు తనిఖీకి ముందు రాత్రి ఆ రిజిస్టరు నింపుతుంటే పక్కన కూర్చుని చూశాను. 'విద్యార్థి సమస్య: ఇంగ్లీషు భయం. ఇచ్చిన సలహా: బాగా చదవమని చెప్పడమైనది.' కింద అదే మాట, ఆ కింద అదే మాట. మధ్యలో ఇంకు మార్చింది, ఒకే రోజు రాసినట్టు కనపడకుండా. ఆమెను తప్పుపట్టను. వారానికి ఇరవై పైచిలుకు క్లాసులు, ఎన్నికల డ్యూటీ, స్కాలర్‌షిప్ వెరిఫికేషన్ మీద ఇదొకటి.

నా సర్వీసు చివరి వేసవి 2019. ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. రాసింది 9 లక్షల 70 వేల పైచిలుకు, తప్పింది 3 లక్షలకు పైన. మార్కుల నమోదులో తప్పులు దొర్లాయని రోజుల్లోనే బయటపడింది. తెలుగులో సున్నా పడ్డ ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. అప్పటికే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసి, తప్పినవాళ్ల పేపర్లన్నీ ఉచితంగా సరిచూడమన్నది. ఆ వారం టీవీల్లో సైకాలజిస్టులు కూర్చుని తల్లిదండ్రులకు హితబోధ చేస్తుంటే నాకు ఒళ్లు మండింది. పిల్లలకు ధైర్యం చెప్పాలి, నిజమే. మొదట వాళ్ల మార్కులు సరిగ్గా వేయాలి కదా.

2021 డిసెంబరులో మళ్లీ అంతే. కరోనా కాలంలో సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం గుట్టెక్కి పాఠం విన్న పిల్లలు ఫస్టియర్ రాస్తే 49 శాతం పాసయ్యారు. మళ్లీ చావులు. వారం దాటగానే, తప్పినవాళ్లందరికీ 35 మార్కులు వేసి పాస్ చేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ నిర్ణయాన్ని అప్పట్లో చాలామంది వెక్కిరించారు. నేను వెక్కిరించను. ఆ పూటకు అది పనిచేసింది. కానీ ఏటేటా చేయగలిగిన పని కాదది.

2022 అక్టోబరు 10న కేంద్రం టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను పెట్టింది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ ఏడాదే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెప్పాయి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చి చనిపోయిన పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి తండ్రి వేసిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయకూడదు, పదిమందిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. చట్టసభ చట్టం చేసేదాకా ఇవే చట్టం.

మొదలియార్ నివేదిక నుంచి ఇప్పటిదాకా వచ్చిన కాగితాలన్నీ వరసగా చూస్తే నాకు కనిపించేది ఒక్కటే. ప్రతిసారీ పని పెరిగింది, మనిషి రాలేదు. లెక్చరర్‌కు, వార్డెనుకు, ఏఎన్ఎంకు, చివరికి వంటావిడకు కూడా ఈ పని కొసరుగా అంటగట్టారు. ఫిజిక్స్‌కు పోస్టుంది, లైబ్రరీకి పోస్టుంది. దీనికి పోస్టు, జీతం, మూసుకునే తలుపు ఉన్న గది ఇచ్చినప్పుడే చరిత్ర మారినట్టు. మా వైపు అయితే ఆ మనిషికి నాలుగు కోయ మాటలు, నాలుగు లంబాడీ మాటలు కూడా రావాలి.

మీ పిల్లలు చదివే కాలేజీలో వంద మందికి పైగా ఉన్నారా? ఈసారి పేరెంట్స్ మీటింగుకు పోయినప్పుడు ర్యాంకు గురించి అడిగే ముందు ప్రిన్సిపాల్‌ను ఒక్క ప్రశ్న అడగండి: మీ కౌన్సెలర్ పేరేమిటి, ఏ గదిలో కూర్చుంటారు? జవాబు లేకపోతే సుప్రీంకోర్టు తేదీ చెప్పండి. ఆ మనిషి వచ్చేదాకా 14416 మీ పిల్లల ఫోనులో మీరే సేవ్ చేయండి.